మలుపు తిరగని కారు

పవర్ హౌస్‌లో చేరిన కొత్త రోజుల్లో నాకు రాని పని లోకంలో లేదని గట్టి నమ్మకం ఉండేది. (ఆ నమ్మకం ఇప్పటికీ పూర్తిగా పోలేదు, మా ఆవిడను అడగండి.) బాయిలర్ మెయింటెనెన్స్‌లో జూనియర్ ఇంజనీర్ని. మా ఇంట్లో మాత్రం ఆ వైభవం ఎవరి కంటికీ ఆనలేదు. మాది రాయచూరు బజార్లో తాతలనాటి కిరాణా దుకాణం. పిల్లలు లేని మా పెదనాయన నన్ను పెంచింది గల్లాపెట్టె ముందు కూర్చోబెట్టడానికే గాని, పొగగొట్టాల చుట్టూ తిప్పడానికి కాదు. "గా బూడిదల ఏముందిరా? దుకాన్ల నీడపట్టున కూసో," అని ప్రతి ఆదివారం భోజనాల దగ్గర మొదలుపెట్టేవాడు.

దుకాణం తర్వాత ఆయన ప్రాణమంతా ఒక పాత అమెరికా కారు మీదే. హైదరాబాదులో ఎవరో నవాబుగారి మనవడి దగ్గర కొన్నాడట. దాని గొప్పతనం వెనక ఇరుసు మధ్యన డబ్బాలా ఉండే డిఫరెన్షియల్‌లో ఉంది. మామూలు కార్లయితే ఒక చక్రం బురదలో దిగగానే దాన్నే గిరగిరా తిప్పుకుంటూ చతికిలబడతాయి. ఈ కారుకు ఆ డబ్బాలో అదనంగా కొన్ని ఇనుప ప్లేట్లున్నాయి. అవి ఒకదాన్నొకటి పట్టుకుని రెండో చక్రం చేత కూడా లాగిస్తాయి. ఆ ధైర్యంతోనే ఆయన నడివానాకాలంలో కూడా గిల్లేసూగూరు దగ్గరి మా చేనికి, నల్లరేగడి బాటలో, ధోవతి మడత నలగకుండా వెళ్లొచ్చేవాడు. అలాంటిది ఒక ఏడాది ఆ ప్లేట్లు అరిగిపోయి కారు బురదలో కూర్చుండిపోయింది. ఎడ్లు కట్టి లాగించాల్సి వచ్చింది. ఆ అవమానానికి పెదనాయన సరిగా అన్నం తినలేదు.

"నేను బాగుచేస్తా," అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "అయితే సౌదా, పందెం. గా బురద దాటిచ్చినవా, నీ నౌకరి నీది, మల్ల ఎన్నడు అడగ. దాటలేదనుకో, రాజీనామా ఇచ్చి దుకాన్లకు రా."

"మంచిది," అన్నాను. పెద్దమ్మ తల పట్టుకుంది.

సెలవు పెట్టి, పెరట్లో కారును దిమ్మెల మీదికెత్తి, ఇరుసులు లాగి, డబ్బా విప్పాను. కిరోసిన్‌తో కడిగిన ముక్కలన్నీ పెద్దమ్మ అప్పడాలు ఎండబెట్టే చాప మీద వరసగా పేర్చాను. లేతు షాపులో కొత్త ప్లేట్లు చేయించాను. ఇంతవరకు వంక పెట్టడానికి లేదు. అయితే నేను బాయిలర్ మనిషిని కదా. మా సెక్షన్లో పంపు షాఫ్టు దగ్గర నీళ్లు కారితే, తాడులాంటి ప్యాకింగు ఒక చుట్టు ఎక్కువ వేసి బిగించేవాళ్లం. మళ్లీ కారితే ఇంకో చుట్టు. మాకు తెలిసిన వేదం అదే. అందుకని ఇక్కడ కూడా ఒక ప్లేటు ఎక్కువ వేసి, ఒంటి బరువంతా పెట్టి బిగించాను. బ్రహ్మాండంగా పట్టింది. (ఆ ప్లేట్లు కాస్త జారాలని, జారితేనే మలుపులో బయటి చక్రం ఎక్కువ తిరగగలదని చదువుకున్నవాణ్ణే. కానీ చదువు వేరు, ఊపు వేరు.)

మంచి వాన పడ్డాక ఆదివారం బయల్దేరాం. స్టీరింగు నాది, పక్కన పెదనాయన, వెనక టిఫిను గిన్నెతో పెద్దమ్మ. ఊళ్లో మలుపుల దగ్గర టైర్లు కుయ్యోమొర్రోమన్నాయి. "కొత్త సామాను, సర్దుకుంటుంది," అన్నాను. చేను దగ్గర బురదలోకి దింపితే, చూడాలి నా కారును! రెండు చక్రాలూ పంతం పట్టినట్టు లాగి అవతల పడేశాయి. "దాటెరా!" అని పెదనాయన నా వీపు చరిచాడు.

ఆ వెంటనే బాట ఎడమకు తిరిగింది. మేము తిరగలేదు. స్టీరింగు పూర్తిగా తిప్పినా, ముందు చక్రాలు తడిమట్టిలో జారుతుంటే వెనక చక్రాలు నెట్టుకుంటూ పోయి, కారును పక్క రైతు జొన్నచొప్ప వామిలో దూర్చాయి.

"ఏన్రీ సావ్కారే, దారి ఆ కడె ఐతి!" అని ఆ రైతు మంచె మీంచి కన్నడంలో కేకేసి, దారి అటుందని చూపించాడు.

పెదనాయన దిగి, నెత్తిమీది చొప్ప దులుపుకుని, దాటొచ్చిన బురదను చాలాసేపు చూశాడు. నేను మనసులో రాజీనామా రాసేసుకుంటున్నాను.

"బురద దాటిందా?"

"దాటింది."

"మలుపు కాడ మర్లుడు సౌదాల ఉండెనా?"

"లేదు."

"అయితే గెలిచినవ్ పో."

"వామిల దూరింది కనబడ్తలేదా?" అంది పెద్దమ్మ.

"నువ్వూకో. మాటంటే మాట," అన్నాడు. దుకాణానికి వారసుణ్ణి ఆ మాట కోసం వదులుకున్నాడని అప్పుడు నాకు తట్టలేదు. నాకు నా పవర్ హౌస్ హెల్మెట్టు మిగిలింది, అదే పండగ.

తర్వాత ఆ ప్లేటు తీసేస్తానంటే ఒప్పుకోలేదు. "ముట్టకు. బురదల ఆగుతలేదు, సాలు," అన్నాడు. ఆయన మలుపు తీసుకోవాలంటే సగం బజారు బండ్లు జరుపుకునేది. బెల్లంగడ్డ కోసం పొద్దుగూకేదాకా బేరమాడే మనిషి, ఏటేటా వెనక టైర్లు మారుస్తూ పల్లెత్తు మాట అనలేదు. ఒకసారి టైర్ల షాపాయన నా ముందే అడిగాడు: "ఏంది సేటూ, ఎనక టైర్లే గిట్ల అరుగుతున్నయి?"

"మా పిలగాడు చేసిన పని. ఇంజనీరు," అన్నాడు పెదనాయన, మీసం దువ్వుకుంటూ.

నేను రిటైరై చాలా కాలమైంది. ప్లేటు తప్పు కాదని, రోడ్లకే మలుపులెక్కువని ఇప్పటికీ వాదిస్తాను. కానీ మూతపడిన మా దుకాణం పక్క మలుపులో నా కొత్త కారు చడీచప్పుడు లేకుండా తిరిగినప్పుడల్లా నవ్వొస్తుంది. ఎన్ని బాయిలర్లు విప్పి బిగించినా, నా పనిని అంతగా నమ్మిన మనిషి మళ్లీ దొరకలేదు.