పళ్లెంలో గల్లుప్పు

నా చిన్నప్పుడు మేడ్చల్‌లోని మా గల్లీలో రంజాన్ వచ్చిందంటే సాయంత్రాలన్నీ పళ్లేలవే. నాయిన వాళ్ల అమ్మ, మా దాదీ, శనగ గుగ్గిళ్లు పళ్లేలలో పోసి, పైన గుడ్డ కప్పి నా చేతికిచ్చేది. ఉపవాసం ఉన్న ఇళ్లకూ, లేని ఇళ్లకూ ఇచ్చి రావాలి. ఏ ఇంటివాళ్లూ పళ్లెం ఖాళీగా తిప్పి పంపేవారు కాదు. ఒకరు బెల్లం ముక్క వేసేవారు, ఇంకొకరు పల్లీలు. దారిలో అవి నా నోట్లోకే పోయేవి. గల్లీ చివర, మేమంతా ఖాలా అని పిలిచే ఒంటరి ముసలామె మాత్రం నాలుగు గల్లుప్పు రాళ్లు వేసేది. అంతకు మించి ఆమె దగ్గర ఉండేది కాదు.

ఒకనాడు ఖాలా పళ్లేన్ని కూడా బెల్లం పెట్టే ఇంట్లోనే ఇచ్చేసి వచ్చాను. అన్నం పెట్టి బదులు ఆశించకూడదన్న ఖురాన్ వాక్యాన్ని ఆ వారమే మసీదులో తప్పు పోకుండా అప్పజెప్పి మెప్పు పొందినదాన్ని కూడా నేనే.

పొద్దుగూకి మగ్రిబ్ అజాన్ అయింది. దాదీ ఖర్జూరం తిని, ఖాలా ఉప్పు ఏదని అడిగింది. నేను తల వంచుకున్నాను. ఆమె తిట్టలేదు. తన వంతు గుగ్గిళ్లు పళ్లెంలో పోసుకుని నన్ను వెంటబెట్టుకుని బయల్దేరింది.

ఖాలా గడపలో కూర్చుని ఉంది. పక్కన సగం తాగిన నీళ్ల గ్లాసు.

"పోరికి జరమొచ్చిందేమోనని పరేషానైన ఆపా. మంచిగుంది గద, అదే సాలు."

తనవల్లే ఆలస్యమైందని దాదీ తప్పు తన మీద వేసుకుంది. ఖాలా లోపలికి వెళ్లి, తడుముకుని, మళ్లీ ఆ ఉప్పే తెచ్చి పళ్లెంలో వేసింది.

తిరిగి వస్తూ దాదీ ఒక్కటే అడిగింది.

"గిన్ని దినాలు నువ్వు తిన్న గుగ్గిళ్లల్ల ఉప్పు ఎవలదనుకున్నవ్ బేటీ?"

ఇప్పుడు కౌలాలంపూర్‌లో కూతురి దగ్గర ఉంటున్నాను. రంజాన్ నెలలో ఇక్కడి మసీదు ముందు పెద్ద గుండిగల్లో గంజి కాస్తారు. స్కూటర్లు దిగినవాళ్లు, బడి పిల్లలు, నాలాంటి ముసలివాళ్లు డబ్బాలు పట్టుకుని వరసలో నిలబడతారు. వీధి పొడవునా గొడుగుల కింద అంగళ్లు, మాంసం కాల్చే పొగ, రోజూ కురిసే వాన. ఈ జనంలో నా మాట తెలిసినవాళ్లు లేరు. అయినా అజాన్ వినబడగానే నా కళ్లు ఆ వీధి చివర ఒక గడప కోసం వెతుకుతాయి. మేడ్చల్‌లోనే ఆ గడప లేదిప్పుడు.

మా ఎదురింటి మలయ్ ముసలామె మాకు గిన్నెతో గంజి పంపుతుంది. వీళ్లూ గిన్నె ఖాళీగా తిప్పి పంపరట. మిఠాయి పెట్టమంటుంది నా కూతురు. పెడతాను. దాని పక్కన నాలుగు గల్లుప్పు రాళ్లు కూడా పెడతాను. ఆ గంజి నోట్లో పెట్టుకునే ముందు, ఇందులో ఉప్పు ఎవరిదో అనుకుంటాను. ఆ ఎవరికోసమో అల్లాను దువా అడిగి, అప్పుడు ఉపవాసం విడుస్తాను.