పొడుగు ముక్కు నీటికాకి

మునిగిన నీటికాకి చాలాసేపటికి గానీ తేలలేదు. తేలాక చూస్తే దాని ముక్కు సన్నగా, పొడుగ్గా ఉంది. లోతు నీళ్ల రకం అది. ఎనిమిదేళ్ల నా పెద్దకూతురు చెల్లెలి చెయ్యి పట్టుకుని, ఆ పక్షి ఉన్నవైపే చెరువులోకి దిగుతోంది.

అలా పక్షిని చూసి దిగడం నేర్పింది నేనే. చిన్నప్పుడు మా ఊరి చెరువులో దిగే ముందు నీటికాకులు ఎక్కడున్నాయో చూసేవాళ్లం. అవి వేటాడే చోట మోకాలి లోతేనని మా నమ్మకం. అవి చిన్నరకం, మామూలు కాకి కంటే కాస్త పెద్దవి, ముక్కు పొట్టి. ఒడ్డుపక్క గడ్డిలో చిన్న చేపలు, కప్పలు పట్టుకునేవి. డిగ్రీలో జువాలజీ చదివేటప్పుడు ఇంకో రకం గురించి తెలిసింది. ఒళ్లు పెద్దది, ముక్కు పొడుగు, కళ్లు నీలి ఆకుపచ్చ, లోతు నీళ్లలో గుంపుగా వేట. పరీక్షలో రాశాను కూడా. పిల్లలకు మాత్రం నీటికాకి ఉంటే లోతుండదని చెప్పి ఊరుకున్నాను.

"ఏయ్ పాపా, అటు పోబాక!" మా చేలో మిరపకాయలు కోస్తున్న పెద్దావిడ అరిచింది. "మొన్న మట్టికోసం పొక్లెయిన్‌తో తోడారే తల్లీ! ఇద్దరు మనుషుల లోతుంది!"

గట్టు ఎలా దిగానో తెలియదు. చిన్నదాని జుట్టు, పెద్దదాని గౌను చేతికి దొరికాయి. ఒడ్డుకు లాగి పెద్దదాని వీపు మీద రెండు వేశాను.

"నీటికాకి ఉందిగా! నువ్వే చెప్పావుగా!" అంటూ అది ఏడుస్తూ నా మీదికొచ్చింది.

పెద్దావిడ వచ్చి చిన్నదాని తల తుడుస్తూ, "అంత చదువు చదివి, నీళ్ల సంగతి కాకిని అడగమన్నావా అమ్మాయ్?" అంది.

ఆ రాత్రి పిల్లల పక్కన పడుకుని ఆలోచించాను. రెండు రకాలకూ తేడా నేర్పితే సరిపోతుందేమో అనుకున్నాను. కానీ గట్టు మీద నిలబడి చూస్తున్న నాకే పోల్చుకోవడానికి అంతసేపు పట్టింది. పైగా చిన్నరకం మాత్రం లోతు నీళ్లలో మునగదని ఎవరు చెప్పారు? చిన్నప్పుడు మేం బతికి బయటపడ్డామంటే ఆ చెరువును అప్పటికి ఎవరూ తోడలేదు కాబట్టి.

పొద్దున బడికి వెళ్లే ముందు ఇద్దరినీ కూర్చోబెట్టాను. "నేను మీకు తప్పు చెప్పాను. నిన్న కొట్టడం ఇంకో తప్పు. ఏ పక్షి ఉన్నా సరే, నేనో నాన్నో ముందు దిగి నిలబడితే తప్ప చెరువులో కాలు పెట్టొద్దు" అన్నాను.