ఘాటు పడని కొండ

దయ్యాలంటే నాకు భయం లేదు, దేవుళ్ళంటే పెద్ద భక్తీ లేదు. ఈ మాట ముందే చెప్పేస్తే, తర్వాత చెప్పబోయేది విని "ఈయనకి మొదట్నుంచీ ఇలాంటి పిచ్చి ఉండి ఉంటుందిలే" అని ఎవరూ అనుకోరని నా ఆశ. నాకున్న పిచ్చల్లా ఒక్కటే, అనుమానం. మా ఆవిడ నన్ను అనుమానప్పక్షి అంటుంది.

అది ఉద్యోగం తెచ్చిపెట్టిన గుణం. ఎనభైల్లో గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్లో గుమాస్తాగా చేసేవాణ్ణి. రైతు తెచ్చిన బస్తాలో మోచేతి దాకా చెయ్యి దూర్చి, బరువు కోసం నీళ్ళు చల్లారా, అడుగున తాలు కాయలు దాచారా అని పట్టుకోవడం నా పని. కాయ విరిచి వాసన చూస్తే అది ఎన్ని రోజులు ఎండిందో చెప్పేవాణ్ణి. నా ముక్కునీ నా వేళ్ళనీ తప్ప ఇంకెవర్నీ నమ్మలేదు. ఆ రోజు అవి రెండూ నాతోనే ఉన్నాయి. అందుకే ఇన్నేళ్ళయినా నాకీ గోల.

మా సొంతూరు పర్చూరు దగ్గర. అక్కడ అన్నయ్య పత్తి వేసేవాడు. నాకంటే ఆరేళ్ళు పెద్ద. నోరున్న మనిషి, ఊళ్ళో ఏ పంట వేయాలన్నా నలుగురూ అతన్నే అడిగేవాళ్ళు. ఆ ఏడు తెల్లదోమ పడింది. ఆకులన్నీ మసి పూసినట్టు నల్లబడిపోయాయి. మందు మీద మందు కొట్టాడు. అయినా చేలో చేతికొచ్చిన పత్తి దిళ్ళకి కూడా చాల్లేదు.

తన చేను పోయిందని కాదు అన్నయ్య బాధ. హాయిగా శనగ వేసుకుంటున్న బావమరిదిని బలవంతంగా పత్తిలోకి దింపింది అతనే. ఆ చేనూ పోయింది. బావమరిది ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది. సంక్రాంతి దాటేసరికి అన్నయ్య పూర్తిగా మాట మానేశాడు.

మాఘమాసంలో వదిన యార్డుకి కబురు పంపింది. వెళ్తే, దొడ్లో గేదె దగ్గరికి పిలిచి మెల్లగా చెప్పింది. "అబ్బాయ్, మీ అన్నయ్య ఏడుదోనల కొండకి వెళ్తానంటున్నాడు. దేవుడి పేరెత్తని మనిషికి ఉన్నట్టుండి ఈ భక్తి ఏంటో నాకు భయంగా ఉంది. పిల్లల్ని వదిలి నేను రాలేను. నువ్వెళ్ళు. ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలొద్దు."

ఏడుదోనల కొండ మార్కాపురం దాటాక నల్లమలలో ఉంది. దోన అంటే రాతిలో సహజంగా ఏర్పడిన నీటిగుంట. కొండ ఎక్కుతుంటే ఒకదాని తర్వాత ఒకటి ఐదు చిన్న దోనలు వస్తాయి, వాటి నీళ్ళు నెత్తిన చల్లుకోవాలి. శిఖరం మీద పెద్దదోన. అది గుంట కాదు, నిజంగా చిన్న సరస్సే. అందులో మూడు మునకలు వేయాలి. గుడి వెనక ఏడోది, తల్లిదోన. దానికి చుట్టూ ముళ్ళకంప, పూజారి తప్ప ఎవరూ దాని గట్టు తొక్కకూడదు.

మా ఊరి భజన మాస్టారు బస్సు మాట్లాడారు. నలభై మందిమి తెల్లవారుజామునే బయల్దేరాం. అన్నయ్య ఒళ్ళో ఒక గుడ్డసంచి. మార్టూరులో టీకి దిగినా దాన్ని చంకలోనే పెట్టుకున్నాడు. నాకు అనుమానం అక్కడే మొదలైంది. సంచి సీటు మీద పడేసి దిగే మనిషి మా అన్నయ్య.

పొదిలిలో మాత్రం, ఎవరో పెద్దావిణ్ణి మెట్లు దింపుతూ సంచి సీటులో వదిలేశాడు. నేను చెయ్యి పెట్టాను. పంచె, తువ్వాలు, ఊరగాయ డబ్బా, వాటి కింద పురుగుమందు డబ్బా. పైమూత తిప్పి చూశాను. లోపల రేకుమూత బిగించింది బిగించినట్టే ఉంది. అంటే కొత్తది. మూత అంచు దగ్గర ఆ వాసన గుప్పుమంది. మిర్చి ఘాటులో ఏళ్ళు బతికిన ముక్కు నాది, ఆ వాసనని ఇంకోదానిగా పొరబడే ప్రసక్తే లేదు.

అంతలో అన్నయ్య మళ్ళీ ఎక్కుతూ కనబడ్డాడు.

కొండ అడుగున ఒక నల్లరాతి బండ ఉంది. ఆ కొండకి ఘాటు పడదట. కారం, పచ్చడి, చుట్ట, నశ్యం, ఏదైనా సరే ఆ బండ మీద పెట్టి ఎక్కాలి, దిగాక తీసుకోవాలి. "గుంటూరోళ్ళు కదా, ఒక్క పూట కారం లేకపోతే చచ్చిపోతారని తెలుసు. అయినా పెట్టండి," అన్నారు మాస్టారు. అందరూ నవ్వారు. చూస్తుండగానే బండ నిండా ఆవకాయ సీసాలు, కారం పొట్లాలు, చుట్టకట్టలు.

అన్నయ్య సంచి విప్పాడు. నేను అతని చేతులే చూస్తున్నాను. ఊరగాయ డబ్బా తీసి పెట్టి, సంచి మళ్ళీ ముడేశాడు.

"అన్నయ్యా, సంచి ఇటివ్వు, నేను మోస్తా."

"నా బట్టలు నేను మోసుకోలేనేంట్రా?"

చుట్టూ జనం. అతని వెనకే, రెండు మెట్లు ఎడంగా ఎక్కాను. ఐదు దోనల దగ్గరా నీళ్ళు చల్లుకున్నాడు గానీ సంచి విప్పలేదు. ఇది నేను ప్రమాణం చేసి చెప్పగలను. సంచి అతని వీపు మీదే, ఎండలో, దాదాపు మూడు గంటలు ఉంది.

పెద్దదోన దగ్గరికి చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. అన్నయ్య గట్టు మీద రాయికి ఆనుకుని కూర్చున్నాడు. "నువ్వు మునిగిరా, తర్వాత నేను" అన్నాడు. నేను వద్దన్నాను. మాస్టారు ఊరుకుంటే కదా. "రావయ్యా, వరస ఆగిపోయింది" అని రెక్క పట్టుకుని లాగారు. మూడు మునకలు. మొదటి రెండింటికీ తలెత్తగానే అన్నయ్య కనిపించాడు. మూడోసారి లేచేసరికి రాయి దగ్గర ఎవరూ లేరు.

తడిబట్టలతో పరుగెత్తాను. ఆ రాయి వెనకే ఉన్నాడు. డబ్బా చేతిలో ఉంది, నోరు తుడుచుకుంటున్నాడు. చింపిన రేకుమూత పక్కన పడుంది.

నేను అరిచానో లేదో గుర్తులేదు. అతని నోట్లో వేళ్ళు పెట్టబోయాను. అన్నయ్య నా చెయ్యి పట్టుకుని ఆపాడు. ఏడవడం లేదు, భయపడటం లేదు, ఎవరో మోసం చేసినట్టు నా వంక చూస్తున్నాడు.

"నీళ్ళురా," అన్నాడు.

డబ్బా లాక్కుని వాసన చూశాను. ఏ వాసనా లేదు. అడుగున మిగిలింది నాలిక మీద వేసుకున్నాను. వట్టి నీళ్ళు. మూడు గంటలు వీపు మీద ఎండకి కాలిన డబ్బాలో నీళ్ళు, పళ్ళు జివ్వుమనేంత చల్లగా ఉన్నాయి.

"నువ్వేగా మార్చింది?" అన్నాడు అన్నయ్య.

కాదని చెప్పడానికి నోరు తెరిచాను. అప్పుడే గుడి వెనక నుంచి పూజారి కేకలు వినిపించాయి. డబ్బాని అతని సంచిలో కుక్కేసి, ఇద్దరం అటు వెళ్ళాం.

తల్లిదోనలో చేపలు చచ్చి తేలుతున్నాయి. వేలెడంత చేపలు, తెల్లటి పొట్టలు పైకి పెట్టి, నీళ్ళ నిండా అవే. పొద్దున అటుకులు వేస్తే ఎగిరెగిరి తిన్నాయని పూజారి తల బాదుకుంటున్నాడు. గాలి ఇటు వీచింది. పొదిలిలో డబ్బా మూత దగ్గర వచ్చిన వాసన. అదే. అన్నయ్య కూడా పసిగట్టాడు, నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

జనానికి ఆ వాసన ఏమిటో తెలియలేదో, తెలిసినా ముందు గుర్తొచ్చింది బండ దగ్గరి నియమమో గానీ, "ఎవడో ఘాటు తెచ్చాడు, తల్లికి కోపమొచ్చింది" అని గొడవ మొదలైంది. మాస్టారి ముఖం పాలిపోయింది. నా పక్కనున్న ముసలావిడ నా భుజం దగ్గర ముక్కు పెట్టి, "ఇదిగో, ఈ అబ్బాయి దగ్గరే మిరపకాయ కంపు!" అంది.

నిజమే. యార్డులో పనిచేసేవాడికి ఎన్ని మునకలేసినా ఆ ఘాటు పోదు. ఆ మాటే చెప్పాను. ఎవరు వింటారు? నా సంచి గుమ్మరించారు. ఒక లుంగీ, ఒక దువ్వెన. ఏమీ దొరక్కపోయేసరికి ఒకతను అన్నయ్య వైపు తిరిగి, "ఈయన ఇతని అన్నే. ఈయన సంచి కూడా చూడండి" అన్నాడు.

అందులో ఖాళీ పురుగుమందు డబ్బా ఉంది. పక్కన చచ్చిన చేపలున్నాయి. అది బయటపడితే అన్నయ్య బతికి కొండ దిగడు.

"ఆయన్ని వదిలేయండి," అన్నాను. "నేనే తెచ్చా. లుంగీ మడతలో కారం పొట్లం తెచ్చుకున్నా. పైకొచ్చాక భయమేసి ముళ్ళకంపలోకి విసిరేశా."

తర్వాత జరిగింది వివరంగా రాయడం నాకిష్టం లేదు. రెండు దెబ్బలు పడ్డాయి. తల్లిదోన వైపు తిరిగి, నలభై మంది ముందు చెంపలు వాయించుకున్నాను. అన్నయ్య నా ఎదురుగానే నిలబడి చూశాడు. సంచిని గుండెలకి అదుముకుని నిలబడ్డాడు. అప్పుడు ఏడ్చాడు. ఆ ఏడుపు చూసి నాకు మొదటిసారి ధైర్యం వచ్చింది.

తిరుగు బస్సులో వెనక సీట్లో మేమిద్దరమే. ఎవరూ మాతో మాట్లాడలేదు. మార్టూరు వచ్చేసరికి అన్నయ్య నా భుజం మీద తల పెట్టి నిద్రపోయాడు. వారాల తరబడి నిద్రలేని మనిషి.

మర్నాటి నుంచి నా అనుమానాలు నేను మొదలుపెట్టాను. ముందు మందులకొట్టు మీద. నకిలీ మందు అమ్మి ఉంటాడని. కొండకి తెచ్చిన డబ్బాతో పాటే అన్నయ్య కొన్న రెండో డబ్బా గాదె వెనక ఉంది. చేను గట్టున చీమలబారు మీద రెండు చుక్కలు వేశాను. చీమలు అక్కడికక్కడే చచ్చాయి.

తర్వాత వదిన మీద. పిల్లల మీద ఒట్టేసి, ఆ డబ్బా ఉన్న సంగతే తనకు తెలియదంది. అయినా ఇంట్లోనే మార్చి ఉంటే, పొదిలిలో రేకుమూత కొత్తగా ఎలా ఉంది? ఆ వాసన ఎక్కడిది?

ఆఖరికి అన్నయ్యనే అనుమానించాను. తనే తల్లిదోనలో మందు పారబోసి, నీళ్ళు పట్టుకుని నాటకమాడాడేమో. కానీ నేను మూడు మునకలేసేంతలో ముళ్ళకంప దాటి వెళ్ళి రావడం కుర్రాడికి కూడా సాధ్యం కాదు. పైగా అతని చేతి మీద ఒక్క గీత లేదు. ఇంకెవరో దొంగతనంగా చేపలు పట్టడానికి దోనలో మందు కలిపారనుకుందాం. సరిగ్గా అదే మందు, సరిగ్గా అదే గంటలోనా?

డబ్బా నా దగ్గరే ఉంచాను. పురుగుమందు డబ్బాని ఎన్నిసార్లు కడిగినా ఆ వాసన వదలదని పత్తి రైతు ఇంట్లో ఎవర్నడిగినా చెబుతారు. దీనికి ఈ రోజుకీ ఏ వాసనా లేదు.

అన్నయ్య మరుసటేడు శనగ వేశాడు. బావమరిది చేలోనూ తనే దగ్గరుండి వేయించాడు. ఇద్దరు పిల్లల పెళ్ళిళ్ళు చేశాడు. ముసలితనంలో ఊపిరితిత్తుల జబ్బు చేసి, గుంటూరు బ్రాడీపేటలో ఒక ఆస్పత్రిలో నెలరోజులున్నాడు. ఒక మధ్యాహ్నం నేను కమలాపండు తొనలు వలిచి పెడుతుంటే, అన్నేళ్ళుగా ఇద్దరం ఎత్తని మాట తనే ఎత్తాడు.

"ఒరేయ్, ఆ రోజు చావలేదు కాబట్టి ఆగిపోయాననుకుంటున్నావేమో. ఇంటికొచ్చాక ఇంకో డబ్బా ఉందిగా, తాగొచ్చు. నన్ను ఆపింది అది కాదురా. నా సంచి వెతికిన మనిషి ఒకడున్నాడని తెలిసింది చూడు, అదీ."

నేను తలూపాను. అప్పుడైనా నిజం చెప్పాల్సింది. చెప్పలేకపోయాను. ఆ పై వారమే పోయాడు.

ఆ డబ్బాలో మందు ఏమైందో, నీళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చాయో నాకు తెలియదు. ఇప్పటికీ దేవుడు చేశాడని అనను, కాదనీ అనలేను. నాకు ఖాయంగా తెలిసింది ఒక్కటే. ఆ రోజు పొదిలిలో అన్నయ్య సంచి వెతికిన మాట నిజం. డబ్బా చూశాను, వాసన చూశాను, అదేమిటో, ఎందుకో అర్థమైంది. అన్నయ్య మెట్లెక్కుతూ కనబడగానే, నాకు తెలిసిపోయిందని తెలిస్తే అతని ముఖం చూడలేనని సిగ్గుపడి, పైమూత గట్టిగా బిగించి, పంచె కింద ఎక్కడున్నది అక్కడే పెట్టేశాను.