యాదమ్మ అటక మీద మందుగోలీలు

ఒక అమాయకురాలిని నేను జైలు గుమ్మం దాకా నడిపించిన వైనం చెబుతాను. ఆవిడ చేసిన నేరం నాకు రెండుసార్లు కల్లు పోయడం. నేను చేసిన ఘనకార్యం నాకు తెలుగు బాగా వచ్చని చెప్పుకోవడం. రెండోదానికి ఏ చట్టంలోనూ శిక్ష లేకపోవడం నా అదృష్టం.

పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు గుంటూరు వైపు నుంచి నల్గొండ కచేరీలో గుమాస్తాగా చేరాను. అప్పటికే కృష్ణ దాటి వచ్చిన వాళ్లం పదిహేను మందిమి ఉన్నాం, గుమాస్తాలు, బడిపంతుళ్లు. జొన్నరొట్టె ముందు కూర్చుని గోంగూర పచ్చడిని తలచుకుంటూ, చచ్చిపోయిన చుట్టానికి ఏడ్చినట్టు ఏడ్చేవాళ్లం. ఊళ్లో మాకున్న ఏకైక దిక్కు యాదమ్మ కల్లు దుకాణం.

యాదమ్మ మొగుడు తాటిచెట్టు మీంచి పడి చనిపోయాక దుకాణం తనే నడుపుతోంది. నలభై దాటిన మనిషి. ముంత చేతికిచ్చే ముందు మొహంలోకి చూసి, "ఇంటికి ఉత్తరం రాసినవా?" అని అడిగేది. రాయలేదంటే చుక్క పోసేది కాదు. మా అమ్మలందరికీ వారం వారం ఉత్తరాలు అందాయంటే ఆ పుణ్యం యాదమ్మది.

మొదటిరోజు నేను, "యాదమ్మ గారండీ, కాస్త కల్లు ఇప్పించండి" అన్నాను. దుకాణం దుకాణమంతా నవ్వింది.

"గారు గీరు నాకొద్దు. అక్కా అను, సాలు. కూసో సర్కారు తమ్మీ" అంది.

సర్కారు ఉద్యోగినని గౌరవించింది కాబోలు అనుకుని నేను ఛాతీ రెండంగుళాలు పెంచాను. కోస్తా నుంచి వచ్చిన ప్రతివాణ్ణీ, సర్కారు జిల్లాల మనిషి కనుక, అక్కడ సర్కారోడే అంటారని నాకు తెలియదు. అడిగి తెలుసుకునే రకాన్నీ కాను. తెలుగంటే మాది, మిగతాదంతా దానికి నకలు అని నా ధీమా.

ఆ రోజుల్లో పల్లెల్లో కమ్యూనిస్టుల సాయుధ దళాలు ఇంకా తిరుగుతున్నాయి. దళం వాళ్లు యాదమ్మ దుకాణంలో ఆగి వెళ్తున్నారని ఎవరో చాడీ చెప్పారు. ఆదివారం పొద్దున మద్రాసు నుంచి వచ్చిన పోలీసు అధికారి ఒకాయన నలుగురు జవాన్లతో దిగాడు. ఆయనకు అరవం, ఇంగ్లీషు తప్ప మరోటి రాదు. నిజమని తేలితే దుకాణానికి తాళం, యాదమ్మకు సంకెళ్లు. ముంతలు పట్టుకున్న చేతులు పట్టుకున్నట్టే ఆగిపోయాయి.

"ఇంగ్లీషు వచ్చినవాళ్లు ఎవరున్నారు?" అన్నాడాయన.

నేను లేచాను. చొక్కా పట్టి కూర్చోబెట్టే మిత్రుడు పక్కన ఒక్కడున్నా మీకు ఈ కథ దక్కేది కాదు.

"ఈమె మాట నీకు అర్థమవుతుందా?"

"నా మాతృభాష సార్" అన్నాను, ఆ భాషను నేనే కన్నట్టు.

"ఇంట్లో ఏం దాచిందో అడుగు."

అడిగాను. యాదమ్మ తొణకలేదు. "దాసుడేంది తమ్మీ? అటక మీద తట్టెడు మందుగోలీలున్నయి. గంతే."

మందు అంటే తుపాకి మందు. గోలీలంటే తూటాలు. ఇంకేం కావాలి?

"తుపాకిమందు, తూటాలు సార్. గంపెడు."

ఆయన కుర్చీలోంచి లేచాడు. "ఎవరికిస్తోంది?" ఆమెను అడిగాను.

"అడిగినోళ్లందరికి ఇస్త" అంది యాదమ్మ. "సర్కారోళ్లకే ఎక్కువ. పాపం, ఆళ్లే ముందుగాల పడిపోతరు."

"ముఖ్యంగా ప్రభుత్వ ఉద్యోగుల మీద ప్రయోగిస్తోంది సార్. వాళ్లే ముందు పడిపోతున్నారట."

ఆయన చెయ్యి పిస్తోలు మీదికి వెళ్లింది. నేనూ ప్రభుత్వ ఉద్యోగినేనని అప్పుడు గుర్తొచ్చి, నెమ్మదిగా కల్లు కుండల వెనక్కి జరిగాను.

"ఎలా ప్రయోగిస్తుందట?" అన్నాడాయన. ఎలా ఇస్తావని ఆమెను అడిగాను.

"పొద్దుగాల ఒకటి, మాపటికొకటి" అంది యాదమ్మ నవ్వుతూ. "ఎసుంటోడైనా తెల్లారేసరికి సల్లవడ్తడు."

మా వైపు మనిషి చల్లబడ్డాడంటే పాడెకు వెదుళ్లు వెతుక్కోవడమే. "రెండు చాలునట సార్" అన్నాను. "తెల్లారేసరికి శవం."

నా ఇంగ్లీషు ఆమెకు ఒక్క ముక్క తెలియదు. చక్కగా చెబుతున్నావన్నట్టు నా వైపు చూసి తలూపింది. ఆ తలూపు తలచుకుంటే ఇప్పటికీ నాకు అన్నం సయించదు.

జవాన్లు దుకాణం చుట్టుముట్టారు. అధికారి పిస్తోలు పట్టుకుని తానే నిచ్చెన ఎక్కాడు. తట్ట దించాడు. పైన కప్పిన గుడ్డ కర్రతో తీశాడు. లోపల బారులు బారులుగా కాగితం పొట్లాలు. ఒకటి విప్పితే తెల్లటి బిళ్లలు. ఒకటి నాలుక చివర పెట్టుకున్నాడు. మొహం వేపాకు తిన్నట్టయింది.

"క్వినైన్" అన్నాడు.

చలిజ్వరం మాత్రలు. నల్గొండ దోమలు కోస్తావాళ్లను ప్రత్యేకించి ఇష్టపడేవి. అందుకని యాదమ్మ వారం వారం దవాఖానలో వరసలో నిలబడి మాత్రలు తెచ్చి, జ్వరం పడ్డ మా వాళ్లకు కల్లు మానిపించి, అవి మింగించేది. చల్లబడేది ఒళ్లు.

అధికారి నా వైపు తిరిగాడు. ఆ చూపుకు నాకు అప్పటికప్పుడు చలిజ్వరం వచ్చింది.

"తమ్మీ, దొరకు ఏం జెప్పినవ్?" అంది యాదమ్మ.

చెప్పక తప్పలేదు. నువ్వు బందిపోటువనీ, సర్కారు మనుషుల్ని రోజుకు రెండు తూటాలతో చంపుతున్నావనీ చెప్పానక్కా అన్నాను. తిడుతుందనుకున్నాను. ముందు నోరు తెరిచింది, తర్వాత నడుం పట్టుకుంది, ఆ తర్వాత నవ్వలేక నేల మీద కూలబడింది. "నీ తెలుగు పాడుగాను, నన్ను ఉరికంబం ఎక్కిస్తివి గదరా" అని ఒకటే నవ్వు. ఆ నవ్వు చూసి జవాన్లు, జవాన్లను చూసి అధికారి. ఏ భాషా అక్కర్లేకపోయింది.

అసలు విజయం తర్వాత జరిగింది. ఆయన శిబిరంలో సగం మంది జవాన్లు అదే జ్వరంతో పడున్నారట. ఆయన ఒళ్లు వణికినట్టు చేసి చూపించాడు. యాదమ్మ నుదుటి మీద చెయ్యి పెట్టుకుని, "ఎందరు?" అన్నట్టు వేళ్లు ఆడించింది. ఆయన పది వేళ్లు రెండుసార్లు చూపించాడు. ఆమె ఇరవై పొట్లాలు కట్టించింది. నన్ను ఎవరూ పిలవలేదు. నేను లేకుండా వాళ్లిద్దరూ ఎంత బాగా మాట్లాడుకున్నారంటే, నాకు అసూయ కూడా వేసింది. యాదమ్మ దుకాణం జోలికి ఎవరూ పోరాదని ఆయన అక్కడే కాగితం రాసి సంతకం చేశాడు. చాడీ చెప్పినవాడు మళ్లీ ఆ వీధి తొక్కలేదు. మావాళ్లంతా ఆ మధ్యాహ్నం యాదమ్మను నడుమ కూర్చోబెట్టి కేరింతలు కొట్టారు. నాకు మాత్రం ముంతలు కడిగే పని పడింది.

ఆ తర్వాత ఎన్నో ఏళ్లు, కొత్తగా వచ్చిన ప్రతి కోస్తావాడికీ యాదమ్మ ఈ కథ చెప్పి, కథానాయకుణ్ణి వేలెత్తి చూపించి మరీ ముంత పోసేది. ఆమె పోయిన రోజున నల్గొండలో సర్కారోళ్లం కచేరీ మానేసి పాడె మోశాం.

ఇక నా ప్రతిజ్ఞ. సాక్షిగా మీరందరూ ఉన్నారు. ఈ జన్మలో ఎవరైనా నన్ను "నీకు తెలుగు వచ్చా?" అని అడిగితే, తల వంచుకుని, చేతులు కట్టుకుని, "కొద్దికొద్దిగా నేర్చుకుంటున్నానండీ" అని మాత్రమే చెబుతాను.