శొంఠికొమ్ము చెవుల గోరా

ఇరవై మూడేళ్ల వయసులో మనిషికి ఆకలి కంటే ఆరా ఎక్కువ. నాకైతే మరీను. జగిత్యాల నుంచి మస్కట్ వచ్చి అల్ మవాలేలో కటింగ్ షాపులో చేరిన ఆ కొత్తలో, కుర్చీలో కూర్చున్న ప్రతి మనిషినీ ఊరేది, పనేది, పిల్లలెందరు అని అడగనిదే నా చేతిలో కత్తెర ఆడేది కాదు. విసిగిపోయిన ఇద్దరు కస్టమర్లు మా ఓనరుకు చెప్పారు. ఆయన హైదరాబాదీ పెద్దాయన, మేమంతా ఉస్తాద్ అనేవాళ్లం. "కటింగ్ చెయ్ బేటా, కచేరీ పెట్టకు. ఇంకో కంప్లైంట్ వచ్చిందా, టికెట్ కొని ఇంటికి పంపుతా," అన్నాడు నెమ్మదిగా. (ఆయన నెమ్మదిగా అన్నవన్నీ చేసేవాడు.) నోరు కుట్టేసుకున్నాను.

ఆ వారమే వచ్చాడు గోరా. తెల్లవాళ్లను మేం అలాగే అనేవాళ్లం. ద్వారబంధం నిండా మనిషి. చెవులు రెండూ శొంఠికొమ్ముల్లా ముడుచుకుపోయి ఉన్నాయి. ముక్కు ఒక పక్కకు తిరిగింది. తలకు మిషన్ పెడితే జుట్టు కింద పాత కుట్లు, ఏడు లెక్కపెట్టాను. ఏం చేసి ఉంటాడీ మనిషి? మూడు కటింగులు ఓర్చుకున్నాను. నాలుగోసారి సగం తల అయ్యేసరికి ఉస్తాద్ నమాజుకు వెళ్లాడు. ఇంక ఆగలేక అద్దంలో ఆయన్ని చూస్తూ, "సర్, ఇయర్... వాట్ హ్యాపెన్?" అన్నాను. ఆయన అద్దంలోంచే నా మీద చూపు నిలిపాడు. ఇంటి టికెట్ కళ్లముందు కనబడింది.

ఆయన నవ్వి, "రగ్బీ లీగ్," అన్నాడు. ఆస్ట్రేలియాలో పదకొండేళ్లు జీతానికి ఆడాడట, ఇప్పుడు ఇక్కడ ఒక బడిలో పిల్లలకు ఆటలు నేర్పుతున్నాడట. జట్టుకు పదమూడు మంది. బంతి పట్టుకుని ముందుకు ఉరకాలి, చేత్తో విసిరితే మాత్రం ముందుకు విసరకూడదు. ఆరుసార్లు పట్టుబడ్డాక బంతి అవతలివాళ్లది. "ముందటికి పోవాలె గదా సర్, బాల్ ఎన్కకు ఎందుకు?" అని వచ్చీరాని ఇంగ్లీషులో, మిగతాది చేతి సైగలతో అడిగాను. చెబితే అర్థం కాదనుకున్నాడేమో, తువ్వాలు బంతిలా చుట్టి చంకలో పెట్టుకుని లేచాడు. తనను పట్టుకుని ఆపమన్నాడు.

పట్టుకున్నాను, నడుము చుట్టూ రెండు చేతులూ వేసి, ఉన్న బలమంతా పెట్టి. ఆయన మామూలుగా నడిచాడు. నేను నేలమీద జారుకుంటూ వెంట వెళ్లాను. ఆయన మెడకున్న కటింగ్ గుడ్డ నా మొహాన్ని కప్పేసింది. అప్పుడు తెరుచుకుంది తలుపు. "క్యా కర్రా రే?" ఉస్తాద్ గొంతు. "ఆట నేర్పుతుండు ఉస్తాద్," అన్నాను గుడ్డలోంచే. తప్పు తనదేనని, మీవాడి పట్టు బాగుందని గోరా సర్దిచెప్పాడు. ఉస్తాద్ ఆయన తలను చాలాసేపు చూశాడు. "సగం కటింగ్‌తో ఆటేంది? కూసోబెట్టు," అన్నాడు.

మిగతా సగం చేస్తుంటే గోరా తనంతట తానే చెప్పాడు. మోకాలు విరిగితే, ఇక ఆట చాలన్నాడట డాక్టరు. "మర్నాడు ఏం చేసినవ్ సర్?" అన్నాను. పొద్దున్నే అలవాటు ప్రకారం గ్రౌండుకు వెళ్లాడట, కారు మాత్రం దిగలేదట. ఉస్తాద్ అక్కడే ఉన్నాడు గానీ, లేకపోయినా ఆ పూట ఇంకేమీ అడిగేవాణ్ణి కాదు.

తర్వాతి నెలల్లో ఎన్ని పళ్లు పోయాయో, ఎన్ని ఎముకలు విరిగాయో అన్నీ అడిగాను. గెలిచారా అని ఒక్కసారీ అడగలేదు. అన్ని దెబ్బలు తిన్నవాడు గెలిచే ఉంటాడని నమ్మే వయసు నాది.