నాయనమ్మ నమిలిన వెల్లుల్లి

నా చిన్నప్పుడు నా చేతిలో పలక లేదు, వడిసెల ఉండేది. రెడ్డిగూడెం దగ్గర మా నాన్న కౌలుకు తీసుకున్న మామిడితోటలో చిలకల్ని, కోతుల్ని తోలడమే నా చదువు. యాభై దాటాక మా కోడలి దగ్గర కూర్చుని అక్షరాలు దిద్దుకున్నాను. అందుకే ఈ సంగతి ఇన్నేళ్లూ రాయలేకపోయాను.

ఆ ఏడు పిందె పడే రోజుల్లో నాన్నకు కడుపులో కుడివైపు బరువుగా ఉండేది. రెండు గంపలు ఎత్తితే ఆయాసం. లివరుకు కొవ్వు పట్టిందని, సారా మానకపోతే ప్రాణం మీదికి వస్తుందని నూజివీడు డాక్టరుగారు చెప్పారు. వెల్లుల్లి కొవ్వుకు కాస్త మంచిదంటారు గానీ, అదొక్కటే నమ్ముకోవద్దని కూడా అన్నారు. నాన్న ఆ మాటల్లో వెల్లుల్లి ఒక్కటే ఇంటికి తెచ్చుకున్నాడు.

పొద్దున్నే నాలుగు రెబ్బలు దంచే పని నాయనమ్మ నాకిచ్చింది. దంచాక ఘాటు పైకి లేచేదాకా కాసేపు ఆగి పెట్టమనేది. నాన్నను నేనే బతికిస్తున్నానని నాకు గర్వంగా ఉండేది. సాయంత్రం సైకిలు దిగగానే నాన్న దొడ్డివైపు నుంచి వచ్చి, "అమ్మడూ, ఇంకో నాలుగు రెబ్బలు ఇవ్వవే. నాయనమ్మకి చెప్పకు, వేడి చేస్తుందని సాధిస్తుంది" అనేవాడు. రెండు పూటలా తింటే త్వరగా తగ్గుతుంది కదా అని ఇచ్చేదాన్ని. తగ్గలేదు. నెల తిరక్కుండా నాన్న కళ్లు పచ్చబడ్డాయి.

ఒకరోజు నాయనమ్మ వెల్లుల్లి బుట్ట చూసి, ఇంత ఎలా తరిగిందని అడిగింది. భయపడి చెప్పేశాను. నాన్న వచ్చే వేళకు రెండు రెబ్బలు ఒలిచి, ఒకటి నా నోట్లో పెట్టి, ఒకటి తను నమిలింది. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

నాన్న వచ్చాడు. ఎప్పటిలాగే దొడ్లో నా దగ్గర రెబ్బలు తీసుకుని నమిలి అరుగు మీదికొచ్చాడు.

"ఏదీ, ఒకసారి ఊదరా."

"వెల్లుల్లి కంపమ్మా, పడిపోతావు."

"పడితే పడతాలే. ఊదు."

నన్నూ దగ్గరికి లాగింది. రోజూ నాన్న దగ్గర వెల్లుల్లి తప్ప మరో వాసన తెలిసేది కాదు. ఆ రోజు మా నోళ్ల నిండా వెల్లుల్లే కాబట్టి, నాన్న నోట్లోది మాకు తెలియలేదు. మిగిలిందే తెలిసింది.

"సారా" అన్నాను.

నాన్న చెయ్యి లేచింది. నాయనమ్మ నాకు అడ్డం వచ్చింది.

"దాన్నెందుకురా కొడతావు? నువ్వు మందు వేసింది నీ లివరుకి కాదు, నా ముక్కుకి. అదీ పసిదాని చేత్తో."

లేచిన చెయ్యి అలాగే ఆగిపోయింది. నాన్న అరుగు మీద కూలబడ్డాడు.

సారా ఒక్కరోజులో మానలేదు గానీ మానాడు. ఆ తర్వాత ఎన్నో మామిడి కాపులు చూశాడు. వెల్లుల్లి మంచిదే, ఇప్పటికీ పప్పులో దండిగా వేస్తాను. కానీ ఎంత మంచి వస్తువైనా ఎవరైనా చాటుగా అడిగితే, ఇచ్చేముందు ఎందుకని అడుగుతాను.

నాన్న పట్టుబడిన మర్నాడు పొద్దున కూడా నాలుగు రెబ్బలు దంచి, ఘాటు లేచేదాకా ఆగి, నాన్న ముందు పెట్టాను. ఆయన చూస్తుండగానే ఇంకో రెబ్బ ఒలిచి పరికిణీ అంచులో ముడి వేసుకున్నాను.

"అదెందుకే?" అన్నాడు.

"సాయంత్రం నాకు" అన్నాను.