ఢిల్లీ బృందం వచ్చేదాకా

పెద్ద వాన వెలిసిన మర్నాడు అశోక్ నగర్‌లో ఒక వాసన వస్తుంది. నాలా పొంగి ఇళ్లలో వదిలివెళ్లిన బురద, దాని మీద చల్లిన బ్లీచింగ్ పౌడరు, తడిసి ఉబ్బిన పుస్తకాలు, అన్నీ కలిసిన వాసన. మొన్న చిక్కడపల్లి మార్కెట్ నుంచి కూరగాయల సంచితో వస్తుంటే ఆ వాసన తగిలి నిలబడిపోయాను. నాకు సులోచన మేడం గుర్తొచ్చారు.

ఆమె తహసీల్దారుగా చేసి రిటైరయ్యారు. చిక్కడపల్లిలో ఒక పాత ఇంటి మేడ మీద ఒంటరిగా ఉండేవారు. గ్రూప్స్ పరీక్షలు రాసే మాకు అశోక్ నగర్ కోచింగ్ సెంటర్‌లో విపత్తుల నిర్వహణ చెప్పేవారు. ఊరి నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న నాకు అది మార్కుల కోసం చదివే పాఠమే. పెద్ద విపత్తు వస్తే రాష్ట్రం కేంద్రాన్ని సాయం ఎలా అడుగుతుందో చెప్పమని ఒకరోజు నన్ను లేపారు. గడగడా అప్పజెప్పాను. మొదట రాష్ట్రం తన దగ్గరున్న విపత్తు నిధి ఖర్చు పెడుతుంది. అది చాలకపోతే జిల్లాల నుంచి నష్టం వివరాలు తెప్పించి కేంద్రానికి నివేదిక పంపుతుంది. ఢిల్లీ నుంచి బృందం వచ్చి చూసి వెళుతుంది. ఆ తర్వాత పైన కమిటీ కూర్చుని ఎంత ఇవ్వాలో తేలుస్తుంది.

"మంచిగ చెప్పినవ్ బిడ్డా. మరి బృందం వచ్చేదాకా మునిగిన మనిషి ఏం జేస్తడు?"

"ఎదురుచూస్తడు మేడం."

క్లాసంతా నవ్వింది. ఆమె నవ్వలేదు.

క్లాసు అయ్యాక నన్ను వెంటబెట్టుకుని నారాయణగూడ వైపు నడిచారు. దారిలో కూలీల అడ్డా ఉంది. ఎండ ముదిరినా పని దొరకని పాలమూరు మనుషులు ఇంకా నిలబడే ఉన్నారు. ఆమె ఒక్కో ముఖం వెతుకుతున్నట్టు చూశారు. తర్వాత ఇరానీ హోటల్లో కూర్చుని చాయ్ చల్లారిపోయేదాకా చెప్పారు.

ఆమె కృష్ణ ఒడ్డున పనిచేస్తున్నప్పుడు వరదొచ్చింది. నీళ్లు తీశాక పొలాల్లో మోకాలెత్తు ఇసుక మేట వేసింది. యాదయ్య అనే రైతు వచ్చి, ఇసుక ఎత్తిపోసుకుంటే ఈ పంట కారుకే నాట్లు పడతాయని, తీసుకోనివ్వమని అడిగాడు. మేటలు కళ్లారా చూస్తేనే కేంద్రం నమ్ముతుందని పైనుంచి మాట. అందుకే ఆమె ఆగమన్నారు. యాదయ్య ఆగాడు. ఆయన్ని చూసి ఊరూ ఆగింది. నారు ముదిరిపోయింది. చివరికి బృందం వచ్చింది గానీ, పొద్దు చాలక రోడ్డు పక్కన తెగిన వంతెన ఒక్కటి చూసి వెనుదిరిగింది.

"కొన్నేండ్లకు ఆయన్ని ఈ అడ్డ మీద్నే చూసిన. పొలం అమ్ముకొని తాపీ పనికి వచ్చిండట. నన్ను గుర్తువట్టి, 'మేడం, మంచిగున్నరా' అని దండం పెట్టిండు. తిట్టినా బాగుండు బిడ్డా. ఆ దండం నాకు నిద్ర లేకుండ జేసింది."

"మీరు పైవాళ్ల మాటే చెప్పిన్రు గద మేడం?"

"చెప్పిన నోరు నాదే గద."

పరీక్ష పాసై నేను ఒక నదీతీర మండలానికి డిప్యూటీ తహసీల్దారుగా వెళ్లాను. మూడో వానాకాలంలో అక్కడా వరదొచ్చి పొలాల మీద ఇసుక పరిచింది. మేటలు కదిలించవద్దని మాకూ మౌఖికంగా ఆదేశం వచ్చింది. నేను సిబ్బందితో పొలం పొలం తిరిగి, ఇసుక లోతు కొలిపించి, రైతును పక్కన నిలబెట్టి ఫొటోలు తీయించాను. ఆ తర్వాత, "ఇసుక తీసేసుకోండి, నాట్లేసుకోండి" అన్నాను. బృందం వచ్చేసరికి చాలా మడులు పచ్చగా ఉన్నాయి. బృందంలోని ఒక అధికారి గట్టు మీద నిలబడి, ఇక్కడ నష్టం ఎక్కడుందని అడిగారు. ఫొటోలు చూపించాను. చూశారు, తల ఊపారు. సాయం ఆలస్యంగా, అడిగినదానికంటే బాగా తక్కువగా వచ్చింది. ఎప్పుడూ అంతేనని కొందరన్నారు. పచ్చటి మడులు చూపినందుకేనని కొందరన్నారు. ఏది నిజమో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ సంగతి చెప్పడానికి చిక్కడపల్లి వెళ్లాను. మేడంకు పక్షవాతం వచ్చి మాట ముద్దగా వస్తోంది. బృందం గురించీ సాయం గురించీ నేను చెబుతుంటే చెయ్యెత్తి ఆపారు.

"నాట్లు పడ్డయా?"

"పడ్డయి మేడం."

నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. "యాదయ్యకు చెప్పాలె," అన్నారు.

మర్నాడు పొద్దున్నే అడ్డా మీదికి వెళ్లి అడిగాను. "ఏ యాదయ్య అక్కా? ఏ ఊరు?" అన్నారు. ఊరు పేరు చెప్పాను. ఒక పెద్దాయన మాత్రం, "ఉండె ఒకాయన. శానేండ్లాయె కనవడక" అన్నాడు. ఆ మాట మేడంకు ఎలా చెప్పాలా అని తటపటాయించాను. చెప్పే అవసరం రాకుండానే ఆ చలికాలం ఆమె కన్నుమూశారు.

ఇప్పుడు నేను కేంద్రానికి పంపే ఆ నష్టం నివేదికలు తయారయ్యే ఆఫీసులోనే ఉన్నాను. వరదొచ్చిన ప్రతిసారీ ఎవరో ఒక తహసీల్దారు ఫోన్ చేసి, "బృందం వచ్చేదాకా రైతులను ఆపమంటారా మేడం?" అని అడుగుతారు. కొలవండి, ఫొటోలు తీయండి, వాళ్లను మాత్రం ఆపకండి అంటాను. చెప్పేది నేనే అయినా ఆ మాట నాది కాదు. ఒక మనిషి పొలం పోయాక, ఇంకొక మనిషి జీవితమంతా బాధపడితే పుట్టిన మాట అది. ఎందరికో చెప్పగలిగాను. చెప్పవలసిన ఆ ఒక్క యాదయ్యకే చెప్పలేకపోయాను.